అద్దం పళ్లెం మీద వేలు

ఆయన పోయిన పదో రోజున నూడుల్స్ పెట్టారు.

టెంటు కింద ఒక పక్క మామూలు భోజనాలు. బగారన్నం, మటన్, పచ్చిపులుసు. ఇంకో పక్క వేరుగా ఒక కౌంటరు, దాని వెనక గ్యాసు పొయ్యి మీద లోతు మూకుడు, నెత్తిన తెల్లటోపీ పెట్టుకున్న వంటమనిషి. నూడుల్స్, మంచూరియా, స్ప్రింగ్ రోల్స్. మూకుడులోంచి మంట లేచినప్పుడల్లా పైన ఫ్లెక్సీలో ఉన్న ఆయన మొహం ఎర్రబడుతోంది. "మా నాయినకు చైనా తిండంటే పాణం," అని పెద్దకొడుకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

పోయినవాడి మీద కడుపుమంట ఉన్నవాళ్లు ఇలాంటి చోట మంచినీళ్లు కూడా ముట్టరు. నేను లైన్లో నిలబడి రెండు ప్లేట్లు తిన్నాను. ఉప్పు తక్కువైంది. ఆయనే ఉంటే ప్లేటు వెనక్కి పంపేవాడు.

ఆయన పేరు రాయను. రాస్తే గోదావరిఖనిలో సగం మంది నా మీదికి వస్తారు. వాళ్ల పిల్లలకు ఉద్యోగాలు పెట్టించిన దేవుడు మరి. అందరం సారు అనేవాళ్లం. ఒక బాయి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. బొగ్గుగనిని మేం బాయి అంటాం. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వంచి ఉండేవాడు. రోహిణి ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. పై జేబులో కళ్లద్దాల డబ్బా. ఆయనకు కళ్లద్దాలు లేవు. ఆ డబ్బాలో రెండు చాప్‌స్టిక్స్ ఉండేవి, నల్లవి, కొసలకు ఇత్తడి పొన్ను వేసినవి. ఎక్కడ సంపాదించాడో ఎవరికీ తెలియదు. హోటల్ వాళ్లిచ్చే కర్రపుల్లలు ఆయన ముట్టేవాడు కాదు.

ఆయన పని పైరవీ. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బాయిలో పనిచేసే మనిషి జబ్బుపడి ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేలిస్తే, సర్వీసు ఇంకా మిగిలి ఉన్నప్పుడే తేలిస్తే, అతని పిల్లల్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. దీన్ని అన్‌ఫిట్ కావడం అంటారు. వేరే ఊళ్లలో పిల్ల పెళ్లి కుదిరిందా అని అడిగినట్టు మా కాలనీలో "మీ నాయిన అన్‌ఫిట్ అయిండా?" అని అడుగుతారు. అయితే స్వీట్లు పంచుతారు. నేనూ పంచాను. కోవా.

బోర్డులో తన మనిషి ఉన్నాడని సారు చెప్పేవాడు. ఆ మనిషిని ఎవరూ చూడలేదు. పని చేసిపెట్టినందుకు డబ్బు మాత్రం తీసుకునేవాడు కాదు. "పైసలు నాకు సూపెట్టకుండ్రి. పైసలు ముట్టినోడు దొరుకుతడు. తిన్నోడు ఎట్ల దొరుకుతడు?" అనేవాడు. ఆయనకు కావలసింది భోజనం. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. మా ఊళ్లో అప్పట్లో లిఫ్టు ఎక్కి వెళ్లి తినే హోటల్ ఒక్కటే ఉండేది, బట్టల షాపు మీద మూడో అంతస్తులో, చైనా హోటల్. గాజు తలుపు, ఎర్ర దీపాలు, మెత్తటి కుర్చీలు, పట్టపగలే మసక చీకటి. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ అక్కడికి రావాలి. మనిషిని చూడకుండా పని ఒప్పుకునేవాడు కాదు.

మనం వెళ్లేసరికే వచ్చి కూర్చుని ఉండేవాడు, తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉండే కుర్చీలో. తలుపు నుంచి ఆ బల్ల దాకా నాలుగు గజాల దూరమన్నా ఉంటుంది. మనం నడిచి వస్తున్నంత సేపూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉండేవాడు. పలకరింపుగా తల కూడా ఆడించేవాడు కాదు. కొందరిని కూర్చోనిచ్చేవాడే కాదట. "నీ పని కాదు, పోవయ్యా," అని నిలబెట్టే పంపేసేవాడట. వాళ్లు మారుమాట లేకుండా లిఫ్టు దిగి వెళ్లిపోయేవాళ్లు. ముందే తేల్చి చెప్పే నిజాయితీపరుడని కాలనీలో దీనికి కూడా ఆయన్నే మెచ్చుకునేవాళ్లు.

మమ్మల్ని కూర్చోబెట్టాడు.

మేం ముగ్గురం. బాపు, అమ్మ, నేను. బాపు టింబర్‌మన్, అంటే బాయి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, ఇక్కడ నిలబడొచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పేవాడు. ఆయన మాట మీద మనుషులు తలలు పెట్టి పనిచేసేవాళ్లు. నేను డిగ్రీ చదివి ప్రైవేటు బళ్లో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్తూ ఉండేదాన్ని. బాపు రిటైర్మెంటు దగ్గర పడింది. గడువు దాటితే నాకు ఆ దారి మూసుకుపోతుంది. చర్చి నుంచి తిన్నగా హోటల్‌కు వెళ్లాం, బాపు తెల్ల చొక్కాతోనే.

ఆ బల్ల మధ్యలో తిరిగే అద్దం పళ్లెం ఒకటి ఉంటుంది. వంటకాలన్నీ దాని మీద పెడతారు. తిప్పుకుంటూ ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకోవాలి. దాని అంచు మీద సారు ఎడమచేతి చూపుడువేలు ఉండేది. భోజనం అయ్యేదాకా తీసేవాడు కాదు. ఆవిరి కక్కుతూ చేప వచ్చి అమ్మ ముందు ఆగేది. అమ్మ గరిటె అందుకునేలోపు వేలు కదిలేది. చేప వెళ్లిపోయేది. రొయ్యలు నా ముందుకు వచ్చేవి, వాసన తగిలేది, వెళ్లిపోయేవి. "తినుండ్రి, తినుండ్రి, సిగ్గువడకుండ్రి," అంటూనే తిప్పేవాడు. తన ముందు మాత్రం ప్రతి గిన్నే కావలసినంత సేపు ఆగేది. మేం ముగ్గురం తెల్లన్నం మీద ఏదో ఎర్ర రసం పోసుకుని తిన్నాం. చేప ఎలా ఉందో సారు చెప్పాడు. బాగుందట.

భోజనానికి ముందు వేయించిన పల్లీలు చిన్న గిన్నెలో తెచ్చిపెట్టారు. సారు హోటల్ పుల్లలు తీసి బాపు చేతిలో పెట్టాడు.

"ఒక్క పల్లి తీయి తమ్మీ, సూద్దాం."

బాపు పుల్లల వైపు చూశాడు. నా వైపు చూశాడు. సారు ఎలా పట్టుకున్నాడో చూసి అలాగే పట్టుకున్నాడు. మొదటి పల్లి జారింది. రెండోదీ జారింది. మూడోది పట్టి నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత వరసగా నాలుగు తీశాడు. మొహం వెలిగిపోయింది ఆయనకు. చేత్తో చేసే పని ఏదైనా సరే, రాకపోవడమనేది మా బాపు ఎరగడు.

సారు అమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, మీ ఆయన చేతులు సూసినవా? గీ చేతులు సూసి ఏ డాక్టరు అన్‌ఫిట్ రాస్తడు? సర్కస్‌ల జేర్పియ్యి."

అమ్మ మొహం మాడిపోయింది. "జర మెల్లగ తీయొద్దా," అని బాపును గొణిగింది. పల్లీలు బాగా తీసినందుకు మా బాపు ఆ రోజు తిట్లు తిన్నాడు.

తర్వాత పాఠం మొదలైంది. సారు రొయ్య నములుతూ చెప్పాడు. "సూడు తమ్మీ, నువ్వు పట్టిందల్ల జారాలె. గిలాస జారాలె, చెంచ జారాలె. గుండీ పెట్టుకోరావద్దు. అడుగు చిన్నగ ఎయ్యాలె. ఏమన్న అడిగితె జర ఆగి చెప్పాలె. పొద్దుగాల లేసినకాంచి పండేదాక నువ్వు బీమారి మనిషివి, ఇంట్ల సుత. అలవాటైతేనే బోర్డు ముంగట వస్తది." బాపు బడిపిల్లాడిలా తల ఊపాడు. సారు చెంచా చేతికిచ్చాడు. బాపు దాన్ని వదిలేశాడు. "గట్ల ఇసిరేసినట్టు కాదు. నీకు తెల్వకుంట జారాలె," అన్నాడు సారు. మళ్లీ వదిలాడు. మళ్లీ. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్ప్రింగ్ రోల్స్ మాత్రం మా ముందు ఆగాయి. బాపు ఒకటి తీసుకుని ఒక కొస పట్టుకుని తిన్నాడు. వేళ్లు పట్టుకున్న ముక్కను పళ్లెం అంచున పెట్టాడు. అది బాయి అలవాటు. లోపల చేతులు కడుక్కునే నీళ్లుండవు, వేళ్లన్నీ బొగ్గు. అందుకని రొట్టెను ఒక కొస పట్టుకుని తిని, నల్లబడ్డ ఆ కొసను పారేస్తారు. బాపు ఇంట్లో కూడా అంతే. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని కూర్చున్నా జొన్నరొట్టెలో చివరి ముక్క తినేవాడు కాదు. అమ్మ తిట్టితిట్టి ఊరుకుంది. ఆ రోజు బాపు పళ్లెం అంచున మూడు ముక్కలు పోగయ్యాయి. సారు తన ఇత్తడి పొన్ను పుల్లతో వాటిని ఒక్కొక్కటే పొడిచి పైకెత్తి చూశాడు. వెయిటర్‌ను పిలిచాడు.

"గీ తోకలు పార్సిల్ కట్టియ్యి బాబు. పెద్దమనిషి బాయిల తింటడు."

వెయిటర్ నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు. బాపు నవ్వాడు. తన మీద జోకు వేస్తే ముందు తనే నవ్వడం మా బాపుకు అలవాటు. నాకు ఒళ్లు మండింది. మండినా నేనేం అన్నాను? "థాంక్స్ సార్," అన్నాను, ఫైలు తీసుకుంటానన్నందుకు.

ఆ రోజు నుంచి మా క్వార్టర్‌లో జబ్బు చదువు మొదలైంది. బాపు డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. అమ్మ ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం వణికియ్యి" అనేది. పడుకోబోయే ముందు ప్రార్థనలో "ప్రభువా, ఈయన చేతిని వణికించు" అని ఏడ్చి అడిగేది. చర్చిలో మాత్రం మామూలుగా ఆరోగ్యం కోసం ప్రార్థన రాయించింది, నలుగురికీ తెలియాలి కదా జబ్బుందని. పాస్టరు బాపు నెత్తి మీద చెయ్యి పెట్టి, స్వస్థపరచు తండ్రీ అని గట్టిగా ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ అనలేదు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. నేనూ అనలేదు.

రెండో నెలలో ఒక పొద్దున టీ గ్లాసు బాపు చేతిలోంచి జారి పగిలింది. అమ్మ పరుగున వచ్చి, "మస్తు చేసినవ్. గిట్లనే జెయ్యాలె," అంది. బాపు గాజుపెంకుల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో చేతివణుకు మాకు శుభవార్త. బాపు చెంచా పడేసిన రోజు అమ్మ కూరలో కారం తగ్గించి ఆయనకు నచ్చినట్టు వండేది.

మూడో నెలలో ఒక ఆదివారం. అమ్మ ముందే చర్చికి వెళ్లిపోయింది. బాపు చొక్కా తొడుక్కుని నా గదిలోకి వచ్చాడు.

"బిడ్డా, గీ గుండీ జర పెట్టు."

"సూసేటోళ్లు ఎవ్వరు లేరు బాపు. నువ్వే పెట్టుకో."

"పెట్టుకుందామనే అనుకున్న. వస్తలేదు." చెయ్యి ముందుకు చాపాడు. "నేను జేస్తలేను బిడ్డా. అదే అయితున్నది."

ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, చిటికెడు పిండిని నలుపుతున్నట్టు. ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. లోపల ఇంకా కదులుతూనే ఉంది. అది నాటకం కాదని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి ఏం చేశాను? గుండీ పెట్టాను. "బోర్డు అయిపోనియ్యి బాపు, గప్పుడు సూపించుకుందాం," అన్నాను. బాపు సరే అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు బడి నుంచే సారుకు ఫోన్ చేశాను. "సార్, బాపుకు నిజంగనే వణుకుడు వచ్చినట్టున్నది. దవాఖానకు తీస్కపోవాల్నా?"

అవతల నమిలిన చప్పుడు వినిపించింది. ఏదో తింటున్నాడు. మింగాక చెప్పాడు. "గోలి ఏస్తే చెయ్యి ఆగుతది బిడ్డా. చెయ్యి ఆగితే నీ నౌకరి సుత ఆగుతది. నీ ఇష్టం."

అంత మెత్తగా ఆయన ఇంకెప్పుడూ మాట్లాడలేదు. నేను దవాఖానకు తీసుకుపోలేదు. అమ్మకు చెప్పలేదు. బోర్డుకు ఇంకా ఐదు నెలలుంది. ఆ ఐదు నెలలూ బాపు బాయిలోకి దిగుతూనే ఉన్నాడు. ఆయన పని పక్కవాళ్లు పంచుకుని చేసేవాళ్లు. ఆయన కప్పు తట్టి చెప్పింది మాత్రం వాళ్లు మునుపటిలాగే నమ్మేవాళ్లు.

బోర్డుకు ముందు ఆదివారం సారు మళ్లీ భోజనానికి పిలిచాడు. ఆఖరి పరీక్ష అన్నాడు. అదే బల్ల, అదే కుర్చీ, గడ్డం కింద అదే చెయ్యి. బాపు తలుపు దాటి బల్ల దాకా రావడానికి చాలాసేపు పట్టింది. పాదాలు నేలకు రాసుకుంటూ నడిచాడు. మొహంలో ఏమీ లేదు, తుడిచేసిన పలకలాగా ఉంది. సారు సంతృప్తిగా చూస్తూ కూర్చున్నాడు.

పల్లీలు వచ్చాయి. పుల్లలు వచ్చాయి.

"తీయి తమ్మీ."

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు బాపు ఆ పల్లీని నిజంగా తీయాలనుకున్నాడు. నాకు తెలుసు. జారనివ్వమని ఆయనకు నేర్పింది పాఠం. ఆయన మాత్రం పళ్లు బిగబట్టి, నుదుటి మీద చెమటతో, ఒక్క పల్లి కోసం పెనుగులాడాడు. ఎనిమిది నెలల కింద వచ్చిన విద్య ఇంకా ఉందో లేదో చూసుకుంటున్నాడు. పుల్లలు గిన్నె అంచుకు టకటకమని కొట్టుకున్నాయి. పల్లీలు బల్ల మీదికి దొర్లాయి. ఒక్కటీ రాలేదు.

సారు చప్పట్లు కొట్టాడు. "వారెవ్వా. సినిమాల వెట్టాలె నిన్ను. ఎంత బాగ నేర్సుకున్నవ్ తమ్మీ."

అమ్మ పకపకా నవ్వింది. ఆమెకు తెలియదు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. అమ్మకు అనుమానం రాకూడదని నవ్వాను. పక్క బల్ల వాళ్లకు కూడా వినపడేలా నవ్వాను. బాపు తలెత్తి అందరి మొహాలూ చూసి, నా మొహం దగ్గర ఆగాడు. ఎప్పటిలా ఆయనా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మొహం కదల్లేదు.

అప్పుడు సారు మునుపెన్నడూ చేయని పని చేశాడు. అద్దం పళ్లెం తిప్పి, చేపను సరిగ్గా బాపు ముందు ఆపి, వేలు తీసేశాడు. "తిను తమ్మీ. ఇయ్యాల నీదే," అన్నాడు. బాపు గరిటెతో తీసుకోబోయాడు. పులుసంతా చర్చి చొక్కా మీద పడింది. సారు మళ్లీ చప్పట్లు కొట్టాడు.

దిగేటప్పుడు కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. మెట్లు దిగుతూ బాపు చివరి మలుపులో పడ్డాడు. మోకాలు మెట్టు అంచుకు తగిలి వాచింది. సారు పైమెట్టు మీద నిలబడి పళ్లలో పుల్ల పెట్టుకుంటూ చూశాడు. "మంచిదే అయింది," అన్నాడు. "బోర్డుకు గిట్లనే పోండ్రి, కుంటుకుంట." ఆ మోకాలు ఇప్పటికీ సరిగా వంగదు.

బాపు అన్‌ఫిట్ అయ్యాడు. కోవా పంచాం. నాకు ఉద్యోగం వచ్చింది. బాయి పైన ల్యాంపు రూములో, కిందికి దిగేవాళ్లకు తల దీపాలు ఇచ్చి తీసుకునే పని. మొదటి జీతం రాగానే బాపును కరీంనగర్ తీసుకెళ్లాను. పార్కిన్సన్స్ అన్నాడు డాక్టరు. ఎప్పటినుంచి ఉందని అడిగాడు. ఈ మధ్యే అన్నాను. ఆయన బాపు నడక చూసి, నా వైపు చూసి, "ముందే మందులు మొదలుపెట్టి ఉంటే ఇంత కష్టపడేవాడు కాదమ్మా, పడేవాడు కూడా కాదేమో," అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. "మాకేం తెల్సు సార్," అంది. నిజమే, ఆమెకేం తెలుసు?

ల్యాంపు రూములో కూర్చుంటే అందరి కథలూ వినపడతాయి. సారుతో కలిసి పనిచేసిన ఒక గుమాస్తా ఒకరోజు నవ్వుతూ చెప్పాడు. "బోర్డుల ఆయన మనిషా? కుక్క సుత లేదమ్మా. నడక సూసి నిజంగ బీమారి ఉన్నోళ్లనే ఏరుకుంటడు. గట్టిగున్నోళ్లను ఎల్లగొడ్తడు. బీమారోళ్లు ఎట్లయినా అన్‌ఫిట్ అయితరు. పేరు ఈయనకు." నాకు దీపాల లెక్క తప్పింది ఆ రోజు.

పోయినేడు సారుకు పక్షవాతం వచ్చి మంచంలో పడ్డాడని తెలిసింది. వారం ఆగి, అదే హోటల్ నుంచి పార్సిల్ కట్టించుకుని వెళ్లాను. చేప, వేయించిన పల్లీలు. ఆయన భార్య నన్ను చూసి కళ్లు తుడుచుకుంది. "నౌకరీలు పెట్టిచ్చుకున్నోళ్లు ఒక్కలు రాకపాయె బిడ్డా. నువ్వన్న వచ్చినవ్. కూసో, చాయ్ పెడ్త," అని లోపలికి వెళ్లింది.

సారుకు కుడిపక్క పడిపోయింది. నోరు ఒక పక్కకు జారింది. కళ్లు మాత్రం అవే. గుమ్మం నుంచి మంచం దాకా నా నడక అంతా చూశాయి. కళ్లద్దాల డబ్బా కిటికీలో ఉంది. పుల్లలు తీసి ఆయన కుడిచేతిలోనే పెట్టాను. వేళ్లు మూసుకోకపోతే నేనే మూశాను. పల్లీల గిన్నె దుప్పటి మీద పెట్టాను.

"ఒక్క పల్లి తీయి సార్, సూద్దాం."

పుల్లలు జారిపోయాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ జారాయి. "గట్ల ఇసిరేసినట్టు కాదు సార్," అన్నాను. తర్వాత చేప పళ్లెం విప్పి ఆయన మొహం దగ్గరికి జరిపాను. ఎడమచెయ్యి లేచేసరికి వెనక్కి లాక్కున్నాను. మూడుసార్లు అలా చేశాను. నాలుగోసారి నేనే తినడం మొదలుపెట్టాను, స్టూలు మీద కూర్చుని, ఆయన కళ్ల ముందు, ముల్లు కూడా మిగలకుండా. ఎన్నేళ్లుగానో వాసన మాత్రమే తెలిసిన చేప. చాలా రుచిగా ఉంది, అబద్ధం ఎందుకు.

తిన్నాక అడిగాను. "మా బాపుది నిజం బీమారి అని నీకెప్పుడు తెల్సింది సార్?"

మాట ముద్దగా వస్తోంది గానీ తెలివికి ఏమీ కాలేదు. "తలుపు కాడ," అన్నాడు. "మొదటి దినమే. నడుస్తుంటె రెండు చేతులు ఊగాలె. మీ నాయినది ఒక్కటే ఊగింది. ముప్పై ఏండ్లు కిటికీల కూసున్ననే, షిఫ్టు దిగి వచ్చేటోళ్లను సూసుకుంట."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తె దవాఖానకు పోదురు. నాకెవరు తినవెడుదురు?" ఆ వంకర నోటితోనే నవ్వాడు. నవ్వు ఆపి నన్ను చూశాడు. "నువ్వు ఫోన్ జేసినవ్ గదా. నేనేమన్న? నీ ఇష్టం అన్న. అన్ననా, లేదా?"

భార్య చాయ్ తెచ్చింది. "ఏమంటుండు బిడ్డా?" అని అడిగింది.

"బాపు ఎట్లున్నడని అడుగుతుండు పెద్దమ్మా," అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఆయన పోయాడు. ఆ వణుకు నిజమని బోర్డుకు ముందే తెలిసినవాళ్లలో ఇక నేనూ బాపూ మిగిలాం. బాపుకు ఫోన్ సంగతి తెలియదు, గుండీ సంగతి తెలుసు.

టెంటు కింద రెండో ప్లేటు అయ్యాక పార్సిల్ అడిగాను. పెద్దకొడుకు దగ్గరుండి కట్టించాడు. "కాక పాణం ఎట్లున్నది అక్కా?" అని బాపు గురించి అడిగాడు. మంచిగానే ఉందన్నాను.

ఇంటికొచ్చేసరికి బాపు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గొంతు బాగా సన్నబడింది, చెవి దగ్గర పెడితే గానీ వినపడదు.

"పోయొచ్చినవా? దేవుడసొంటి మనిషి బిడ్డా. నీకు నౌకరి పెట్టిచ్చిండు. నేను రాకపోతి."

"రాలేవు గదా బాపు."

లోపలికి వెళ్లి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చాను. స్ప్రింగ్ రోల్ ఒక కొస నేను పట్టుకుని రెండో కొస బాపు నోటికి అందించాను. మెల్లగా కొరికాడు. మెల్లగా నమిలాడు. మళ్లీ కొరికాడు. నచ్చినట్టే ఉంది. అలా నా వేళ్ల దాకా వచ్చి ఆగాడు.

"ఇంత ముక్కనే ఉన్నది. తిను బాపు."

తల అడ్డంగా ఊపాడు. ఇంకొకటి తీసి పట్టుకున్నాను. అదీ నా వేళ్ల దాకా తిని వదిలేశాడు. రెండు ముక్కలూ పళ్లెం అంచున పెట్టాను.